అమావాస్య సెలవు తర్వాత లేవని కంటైనర్

గద్వాల

ఉమేష్‌కు అత్తమ్మ దీవించి రాసేది.

ఫోన్ చేస్తే "మీటింగ్‌ల ఉన్న అత్తమ్మా" అని పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని ఎలా పెట్టేస్తావో చూస్తా. మన చేనేత సంఘం ఆఫీసులో నువ్వు పెట్టిన సర్వర్‌కు లైటు వెలుగుతోంది గానీ, మీ రాజమౌళి మామ గీసిన అంచుల బొమ్మలు రావడం లేదు. కొత్తకోట షావుకారు హంస అంచు చీరలు అడుగుతున్నాడు. మీ మామ పోయాక ఆ హంస ఇంకెక్కడా లేదు. నువ్వు ఫొటోలు తీశావనే కదా చెదలు పట్టిన కాగితాలు పారేశాం! గుమస్తా శ్రుతి తెర చదివి, "ఇప్పటికే నడుస్తున్న, మళ్ల మొదలు కాలేనంటుందమ్మా" అంది. నడుస్తుంటే కనబడదేం?

సుభద్రమ్మ

తా.క.: ఆఫీసు చూసుకునే నేతగాడు భీమన్నతో కొబ్బరికాయ కూడా కొట్టించాను. నీళ్ళు దాని మీద పడనివ్వలేదు.

హైదరాబాద్

అత్తమ్మకు నమస్కారాలు.

సర్వర్ బాగానే ఉంది. బొమ్మలు చూపే ప్రోగ్రాం అందులో కంటైనర్ అనే గదిలో నడుస్తుంది. ఎవరో దాన్ని ఆపకుండానే కరెంటు పీకేశారు. అందుకే లేవబోయి, ఇంకా నడుస్తూనే ఉన్నాననుకుని ఆగిపోతోంది. భీమన్నను గట్టిగా అడుగు.

నీ ఉమేష్

తా.క.: భీమన్న కాకపోతే పిల్లి.

గద్వాల

ఉమేష్‌కు అత్తమ్మ ఆశీస్సులు.

అడిగాను. "మగ్గం మీద ముసలోణ్ణైన, నీ వైరుతోని నాకేం పనమ్మా?" అని అలిగి మా ఇంట్లో టీ మానేశాడు. పిల్లి పాపం ఏమీ ఎరుగదు. మేం చేసిందల్లా అమావాస్యకు సర్వర్‌కు సెలవివ్వడమే. ఆ రోజు ఇక్కడ ఏ మగ్గమూ ఆడదు, అదొక్కటే పనిచేస్తే పాపం కాదా? నేనే దండం పెట్టి వైరు తీశాను.

సుభద్రమ్మ

తా.క.: పీకలేదు. మర్యాదగా తీశాను.

హైదరాబాద్

అత్తమ్మకు నమస్కారాలు.

దొంగవు నువ్వేనన్నమాట! సరే, పాత కంటైనర్‌ను తీసేసి కొత్తది పెట్టమని శ్రుతికి చెప్పు. టైపు చేయాల్సింది వెనకవైపు రాశాను. బొమ్మలు కంటైనర్ బయట భద్రంగా ఉన్నాయి.

నీ ఉమేష్

తా.క.: ఇక దానికి సెలవులొద్దు. జీతమే లేదు.

హైదరాబాద్

అత్తమ్మా, ఆగు!

బొమ్మలు బయట లేవు. తొందరలో లోపలే పెట్టేశాను, ఇప్పుడే చూసుకున్నాను. కంటైనర్ తీసేస్తే అవీ పోతాయి. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తవేం? శ్రుతి నంబరు నా దగ్గర లేదు. నీ ఫోన్లు పెట్టేసినందుకు నాకిదే శాస్తి.

ఉమేష్

తా.క.: స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఇది ముందు అందాలి.

గద్వాల

ఉమేష్‌కు అత్తమ్మ రాసేది.

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. ముందు రాసింది ముందు చదవాలని అదే తెరిచాను. శ్రుతి టైపు చేసింది, కంటైనర్ టక్కున లేచింది, అందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత రెండోది చదివాం.

లోపల ఒక్క బొమ్మ లేదు. నిన్ను నోరారా తిట్టాను. నీ మీద అలిగి ఫోన్ ఎత్తనందుకు నన్ను నేనూ తిట్టుకున్నాను. నేను చెబుతుంటే భీమన్న హంసను మళ్ళీ గీసి చీర నేశాడు. మెడ దగ్గర మా ఇద్దరికీ పడలేదు. "గిట్లనే వంగుతుండె అమ్మా, నాకు యాదికుంది" అంటాడు. అంత వంగదు. షావుకారుకు మాత్రం ఆ మెడే నచ్చింది. చూసినవాళ్ళంతా రాజమౌళి హంస అచ్చం ఇదే అంటున్నారు. చీర బాగుంది ఉమేష్. ఆయనది కాదు.

సుభద్రమ్మ

తా.క.: రోజూ దీన్నే చూసి చూసి, ఆయన గీసిన మెడ నాకూ మరపుకొస్తోంది.