దుప్పటి కింద ఆది జాకెట్టు

గౌరీ, పప్పు కుక్కర్లో ఉంది, అన్నం వండేశాను. మిషను మీద కప్పిన దుప్పటి తిన్నాకే తియ్యి.

కొత్త గుడ్డ మీద నీ ఆది జాకెట్టు పరిచి, చుట్టూ సుద్దతో గీశాను. గీత ఎంత చక్కగా వచ్చిందో! ఆ సంబరంలో ఆది తియ్యడం మరిచిపోయి రెండూ కలిపి కోసేశాను. "వీడియోలు సూసి టైలరైపోతావేటి?" అన్నావు. అవలేదు. ప్లాంటులో ఉక్కయితే కరిగించి మళ్లీ పోస్తాం, గుడ్డకి ఆ దారీ లేదు.

తగరపువలస పెళ్లిలో నా కుట్టు నువ్వు తొడుక్కుంటే, మీ అక్క ముందు గొప్పలు పోదామనుకున్నాను.

షిఫ్టుకి పోతన్నాను.

మరిచాను: కత్తెర పక్కన నా తెల్ల చొక్కా పెట్టాను. కోపం తీరేదాకా కొయ్యి. ముక్కలు మాత్రం పారెయ్యకు, అతకడం నేర్చుకోవాలి.