ఎబర్‌హార్డ్ పెదనాన్న కుర్చీ

గోటింగెన్, మే 1927

ప్రియమైన ఓటిలీ పెద్దమ్మకు,

యూనివర్సిటీలో ఏం వెలగబెడుతున్నావురా అని అడిగావుగా, చెప్తాను. పరమాణువు మధ్యలో కేంద్రకం, చుట్టూ వరుసలుగా ఎలక్ట్రాన్లు. కేంద్రకం అందరినీ తనవైపు లాగుతుంది. కానీ లోపలి వరుసవాళ్ళు బయటివాళ్ళను వెనక్కి నెడతారు. అందుకే చివరివాడికి ఆ లాగుడు పూర్తిగా తగలదు. మన ఆదివారం కాఫీ బల్లే అనుకో. మధ్యలో నువ్వు, పక్కన ఎబర్‌హార్డ్ పెదనాన్న, తలుపు దగ్గర నేను. పక్కింటి పరమాణువువాళ్ళు కాస్త గట్టిగా లాగితే చివరివాడు అటే పోతాడు కూడా!

నీ డెట్లెఫ్

తా.క. పని ఒత్తిడి వల్ల వేసవికి రాలేను. ప్లమ్ కేకు పంపినా చాలు.

సెల్లె

చిరంజీవి డెట్లెఫ్‌కు,

పెంచి పెద్దచేసిన నా ప్రేమ నీదాకా రావడమే లేదా! చదివి ఏడ్చాను. మీ పెదనాన్నను నిలదీశాను. నీకని బల్ల చివరికి పంపిన కేకు ముక్క ప్రతివారం మధ్యలోనే మింగేసేవాడట! కుర్చీతో సహా వంటింట్లోకి తోసేశాను.

మీ పెద్దమ్మ

తా.క. ఆ లాగే పక్కింటివాళ్ళెవర్రా?

గోటింగెన్

అయ్యో పెద్దమ్మా,

అది ఉత్త పోలిక! పెదనాన్నను మళ్ళీ కూర్చోబెట్టు. లోపలివాళ్ళను తీసేస్తే నీ లాగుడంతా నామీదే పడుతుంది, తట్టుకోలేను!

డెట్లెఫ్

తా.క. పక్కింట్లో ఎవరూ లేరు. అసలు ఆ అమ్మాయి పక్కింట్లో ఉండదు.

సెల్లె

ఒరేయ్ డెట్లెఫ్,

అమ్మాయా! పిండిమర వాళ్ళ పిల్లను నీకు చూసిపెట్టుకుని కూర్చుంటే! బల్ల దగ్గర అందరినీ లేపేశాను. మధ్యలో నేనొక్కదాన్నే ఉన్నాను. లాగుతున్నాను. రైలెక్కు.

పెద్దమ్మ

తా.క. మీ పెదనాన్న వంటింట్లో కేకు పక్కనే ఉన్నాడు. పెళ్ళినాడు కూడా ఇంత సంతోషంగా లేడు.

గోటింగెన్

పెద్దమ్మా, క్షమించు.

ఆమె పేరు రోజ్‌విథా. నాతోపాటే లెక్కలు కడుతుంది. పెళ్ళంటూ చేసుకుంటే ఆమెనే. నీకు చెప్పాలంటే భయమేసి, పని అని అబద్ధమాడాను. నువ్వు కాదంటే మాత్రం ఆ బల్ల దగ్గరికి ఏ ముఖంతో రాను?

డెట్లెఫ్

తా.క. నీ ఉత్తరాలు చదివి పడీపడీ నవ్వింది. మర్నాటి నుంచి కనిపించడం లేదు. కంగారుగా ఉంది.

సెల్లె

చిరంజీవి డెట్లెఫ్‌కు,

కంగారుపడకు, ఇక్కడే ఉంది. వస్తూనే వంటింట్లోంచి పెదనాన్న కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది. "వాణ్ణి వెంటనే రమ్మని రాస్తున్నా" అన్నాను. "చదువయ్యేదాకా రాడు పెద్దమ్మగారూ" అంది. "మరి పిండిమర సంబంధమో?" అన్నాను. "అదీ కుదరదండీ. ఇంకో ముక్క కేకు వెయ్యనా?" అంది. ఈ ఇంట్లో నా మాటకు అడ్డుపడిన మనిషిని ఇదే చూడటం. నాకు తెగ నచ్చేసిందిరా! పెళ్ళి ఇక్కడే చేస్తాను.

నీ చదువేమిటో ఇప్పుడర్థమైంది. ఇకమీదట నా లాగుడు నీకు సగమే తగులుతుంది. మిగతా సగం ఆమె చూసుకుంటుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ

తా.క. మీ పెదనాన్నను బల్ల దగ్గరికి రమ్మంటే రానంటున్నాడు. వంటింట్లో నా లాగుడే తగలడం లేదట.