ప్రధానిగారు చెప్పిన పెళ్ళి తేదీ

అక్కా,

నీ ఉత్తరం అందింది, షాపులో అందరికీ చదివి వినిపించాను కూడా. పెద్దదాని పెళ్ళిరోజే టీచరువని నీకు ఎన్నికల డ్యూటీ వేశారు. పీటల దగ్గర ఉండాల్సినదానివి, పోలింగ్ బూత్‌లో కూర్చుని పరాయివాళ్ళ వేళ్ళకు సిరా పూశావు. చిన్నదాని పెళ్ళైనా కళ్ళారా చూడాలన్న నీ ఆరాటం నాకు తెలుసు. కానీ ప్రధానిగారికి రోజూ గడ్డం గీస్తాను కదా అని ఎన్నికల తేదీ కనుక్కోమంటే ఎలా? లోక్‌సభకు ఇంకా ఏడాది గడువుంది. ఈలోగా ఎప్పుడు రద్దు చేయించాలన్నది ఆయన ఇష్టం. ఆ సంగతి ఇంట్లో భార్యకే చెప్పరు.

అయినా నిన్న నురగ పూస్తూ అడిగేశాను. ఆయన కాసేపు ఆలోచించి, "మార్చిలో నిశ్చింతగా పెట్టుకోమనవయ్యా" అన్నారు.

సంబరంగా షాపుకొచ్చేసరికి ప్రతిపక్షంవాళ్ళు ముగ్గురు బెంచీ మీద కూర్చునున్నారు. ముగ్గురి గడ్డాలూ అప్పటికే నున్నగా ఉన్నాయి.

"మీ మేనకోడలి పెళ్ళెప్పుడంట?" అన్నాడొకడు.

"మార్చిలో" అన్నాను. ముగ్గురూ లేచి వెళ్ళిపోయారు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆయన ఆ మాట చెప్పింది నీకూ కాదు, నాకూ కాదు, వాళ్ళకి.

అందుకని మార్చి తప్ప ఏ నెలైనా పెట్టుకో. ఎవరడిగినా మాత్రం మార్చి అనే చెప్పు. రోజూ నా కత్తికి గొంతు అప్పగించే మనిషి, ఆయన నమ్మకం వమ్ము చేయలేను.

నీ తమ్ముడు