బుడగలు వదులుతున్న పంపు

అల్లుడుగారికి,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఫోనులో మీతో మాట్లాడాలంటే నాకు మొహమాటం.

నీళ్లు తోడే చిన్న పంపుని తిప్పడానికి మీరిచ్చిన డ్రిల్లుని దానికి బిగించాను. కింది గదిలో నీళ్లు మీ అత్తగారి కుట్టుమిషను పెడలు దాకా వచ్చాయి. డ్రిల్లు గిర్రున తిరుగుతోంది గానీ నీళ్లు బయటికి పోవడం లేదు. నీళ్లలో ముంచిన గొట్టంలోంచే బుడగలొస్తున్నాయి. "తోడమంటే గాలి కొడుతున్నారేంటి?" అంటోంది ఆవిడ.

మొన్న తలుపు మరలు విప్పడానికి డ్రిల్లు మీదున్న మీట అటు నెట్టి, వెనక్కి తిరిగేలా పెట్టాను. ఆ మీట మళ్లీ ఇటు నెట్టాలేమో. నెడితే మీ వస్తువు పాడవుతుందేమోనని చెయ్యి రావడం లేదు. "డ్రిల్లు అల్లుడిది, మిషను నాది. ఏది పాడైతే మీకు నయమో తేల్చుకోండి" అంటోంది.

మీ అత్తగారు ఇంకా నీళ్లలోనే నిలబడి ఉంది. మీట నెట్టనా వద్దా, వెంటనే రాసి ఈ ఉత్తరం తెచ్చినతని చేతే పంపండి.

మీ మామ