ఈశాన్యం మూల లైటు

ఆగస్టు 5

నిద్ర లేదు. ఇది పన్నెండో రాత్రి. పక్కింటి లైటు మా పడకగది కిటికీలోంచి తిన్నగా ఆయన మొహం మీదికే. దుప్పటి అడ్డం కట్టాను — గాలి ఆగింది, వెలుగు ఆగలేదు. చేపల చెరువు గట్టు మీద పెట్టే లైటది. పక్కింటి సత్యంగారు తన ఆకివీడు చెరువులకు తెచ్చినవాటిలో ఒకటి మిగిలితే కొత్తింటికి బిగించేశారు. దొంగలు చెరువు దరికి రాకుండా పెట్టేది... మేమేం దొంగిలించామో!

ఆగస్టు 7

వెళ్ళి చెప్పండి అంటే ఆయన కదలరు. "పోనిద్దూ, పాపం కొత్తగా వచ్చారు." తెల్లవారుజామున లేచి నాలుగిళ్ళు తిరిగి మంత్రాలు చెప్పుకోవలసిన మనిషి. పోనీ నేను వెళ్తానంటే — "వద్దు. నా మాట విను." ఎందుకో అంత భయం?

ఆగస్టు 10

కొంప మునిగింది. పెంటపాడులో సత్యనారాయణ వ్రతం. కునుకుపాటులో మూడో కథ చెప్పవలసిన చోట రెండోదే మళ్ళీ మొదలుపెట్టారట. ఆ ఇంటి పెద్దావిడ — "కట్టెలమ్ముకునేవాడు మళ్ళీ వచ్చాడేవిటండీ పంతులుగారూ?" అందరూ నవ్వారట. ఈయనా నవ్వారట. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయారు. ముప్పై ఏళ్ళలో ఒక్క అక్షరం తప్పని మనిషి. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆగస్టు 14

పెంటపాడులో ఆ ఇంట్లోనే అన్నప్రాశన. వేరే పంతులుగారిని పిలిచారు.

ఆగస్టు 15

ఇవాళ అసలు సంగతి కక్కారు. గృహప్రవేశంనాడు సత్యంగారికి చెప్పింది ఈయనేనట! — "ఈశాన్యం మూల చీకటిగా ఉండకూడదండి. ఏడాది పాటు రాత్రిళ్ళు వెలుగు ఉండనివ్వండి." ఈయన మనసులో ఉన్నది ఓ చిన్న బల్బు. చెరువుల మనిషికి వెలుగంటే గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడాలి. ఇప్పుడు వెళ్ళి తీసేయమంటే, "మీరే కదండీ పెట్టమన్నారు" అంటారు. పురోహితుడు మాట మారిస్తే ఇంకెవరు నమ్ముతారు... అదీ ఆయన బాధ. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ అయ్యాయి.

ఆగస్టు 24

కాలనీ సంఘం మీటింగు. దస్తూరీ బాగుంటుందని సెక్రటరీ పని నా నెత్తిన పెట్టారు కదా — ఇవాళ పనికొచ్చింది. ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరి లైటు వెలుగు వాళ్ళ ప్రహరీ లోపలే పడాలి అన్నాను. అంతే, తేనెపట్టు కదిపినట్టయింది. చివరింటి మాస్టారికి పెరట్లో చామంతి మొగ్గ తొడగటం లేదట. ఇంకొకాయన — "లైటు పడిన మేర వరి కూడా సరిగ్గా ఈనదండీ, మా పొలంలో చూశాను."

తీర్మానం: బయటి లైటుకు పైన గొడుగు ఉండాలి. వెలుగు కిందికే పడాలి. పది దాటితే ఆపాలి, లేదా చిన్న బల్బు. "ఎవరికైనా మినహాయింపు పెడదామాండీ?" అన్నారు ప్రెసిడెంటుగారు. అక్కర్లేదన్నాను. ఎర్రసిరాతో రాశాను: ఏ ఇంటికీ, ఏ లైటుకూ మినహాయింపు లేదు. కింద గీత కూడా గీశాను. ఒళ్ళు మండి ఉన్నాను మరి.

ఆగస్టు 25

సత్యంగారే వచ్చారు. "ముందే చెప్పకూడదాండీ అమ్మగారూ? గట్టు మీద పడుకుని అలవాటైపోయి, మాకు లైటు లేకపోతేనే నిద్ర పట్టదండీ. మీకు ఇబ్బందేమో, తీసేద్దామా అంటే పంతులుగారి మాట కదా అని..." ఈయన మెల్లిగా — "చిన్నదైనా చాలండీ. వెలుగు వెలుగే." ఇద్దరూ ఒకరికొకరు భయపడి నెల రోజులు నా ప్రాణం తీశారు.

ఆగస్టు 26

చిన్న బల్బు. పైన రేకు గొడుగు. మా కిటికీ చీకటి. ఆయన గురక — హాయిగా, ఎడతెగకుండా. కసురుకోవాలనిపించలేదు.

అక్టోబరు 6

పెంటపాడు పెద్దావిడ ఫోను. కార్తీకంలో మళ్ళీ వ్రతం. "మీ పంతులుగారే రావాలండీ. కట్టెలమ్ముకునేవాణ్ణి మాత్రం ఒక్కసారే తీసుకురమ్మనండి." హమ్మయ్య! ఆయన నవ్వుతూ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

అక్టోబరు 21

రేపట్నుంచి కార్తీకం. ఆయన మేడ మీద వెదురు గడ కట్టారు, ఆకాశదీపానికి. ఏటా పెట్టేదే. గడ చివర బల్బు, తెల్లవార్లూ వెలుగుతుంది. నేను గడ పట్టుకున్నాను. సత్యంగారు గోడ అవతల నుంచి తలెత్తి చూసి, ఎంతో మర్యాదగా — "ఏవండీ పంతులుగారూ... దీనికి గొడుగు ఎలా పెడతారండీ? పదింటికి ఆపేస్తారాండీ?"

వెక్కిరింపు కాదు. నిజంగానే తెలియక అడిగారు.

ఆయన నా వైపు చూశారు. కిందికొచ్చి సంఘం మినిట్సు పుస్తకం తీశాను. ఎర్రసిరా. కింద గీత. చెరిపితే తెలుస్తుంది.

ఆయన ఇంకా మేడ మీదే ఉన్నారు, బల్బు చేత్తో పట్టుకుని...