పద్నాలుగో పేజీలో గుట్ట

సిరిసిల్ల, 9–2–1988

చెక్‌పోస్టు హెడ్‌కానిస్టేబులు హన్మండ్లు గారి సముఖానికి, సాంచాల మీద గుడ్డ నేసే కార్మికుడు వెల్ది మొగిలయ్య నమస్కరించి వ్రాయునది:

మొన్న ఆదివారం కోరుట్ల–జగిత్యాల బస్సులో తమరు నా సంచి సోదా చేసి నాలుగు వస్తువులు తీసుకున్నారు. ఒకటి, తువాల. రెండు, స్కేలు. మూడు, కోరుట్లలో ఉండే మా బిడ్డ శాంత కట్టిచ్చిన సకినాలు. నాలుగు, సమాకలనం లెక్కల నోటుబుక్కు. మొదటి రెండూ తిరిగి ఇచ్చారు. మూడోదాని సంగతి అడగను. నాలుగోది మాత్రం నాకు ప్రాణం. నలభై అయిదేళ్ల వయసులో ప్రైవేటుగా ఇంటర్ రాస్తున్నాను. లెక్కల పరీక్ష మార్చి 21న. సమాకలనంలో నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

తమ జవాబుకై ఎదురుచూసే,
మొగిలయ్య

తా.క. సకినాలు మెత్తబడకముందే తినగలరు.

చెక్‌పోస్టు, 15–2–1988

మొగిలయ్యకు హన్మండ్లు తెలియజేయునది:

నీ నోటుబుక్కు ఎస్.ఐ. సారు చూసినారు. పద్నాలుగో పేజీలో గుట్ట బొమ్మ ఉన్నది. గుట్ట కింద నిలువు గీతలు వరుసగా నిలబడ్డవి. ఒక కొసకు a, ఇంకో కొసకు b కాపలా ఉన్నారు. నక్సలైటు అన్నల డేరాల నక్షా అని సారు అనుమానం. "గీ గుట్ట ఏ మండలంలదో అడుగు" అన్నడు. పక్కనే "అతి సన్నని ముక్కలుగా కోసి, అన్నిటినీ కలపవలెను" అని నీ చేతిరాత. కోయవలసింది ఎవరిని?

వెంటనే జవాబు కోరుతూ,
హన్మండ్లు

తా.క. ముందు పేజీలలో ప్రతి జవాబు చివర C అనేవాడు వచ్చి కలుస్తున్నాడు. a, b కాపలా పడగానే మాయమవుతున్నాడు. ఎక్కడ దాక్కున్నాడు?

సిరిసిల్ల, 20–2–1988

హన్మండ్లు గారికి మొగిలయ్య మనవి:

ఒకటి, అది గుట్ట కాదు, వంపు గీత. దాని కింద జాగా ఎంతో కనుక్కునే లెక్క ఇది. రెండు, కోసేది మనుషులను కాదు, ఆ జాగాను. సన్నని పోగులుగా చీల్చి, పోగు పక్కన పోగు చేరిస్తే మొత్తం తెలుస్తుంది. మూడు, ఇరవై ఏడేళ్లుగా సాంచాల మీద నేను చేస్తున్నదీ అదే! ఈ సంగతి తట్టిన రోజు సాంచ ఆపి, కార్ఖానా అంతా తిరిగి అందరికీ చెప్పాను. ఒక్కరూ వినలేదు. తమరైనా వింటున్నారు. నాలుగు, అనుమానం తీరకుంటే జగిత్యాలలో ఆదివారాలు నాకు లెక్కలు చెప్పే ప్రభాకర్ రావు సారును అడగండి.

పరీక్షకు నెల రోజులే ఉన్నవాడు,
మొగిలయ్య

తా.క. C ఎక్కడా దాక్కోలేదు. b పెట్టిన పై లెక్కలోంచి a పెట్టిన కింది లెక్క తీసేస్తే రెండింటిలోని C కొట్టుకుపోతాడు.

చెక్‌పోస్టు, 17–3–1988

అన్నా మొగిలయ్యా, హన్మండ్లు నమస్తే.

"కొట్టుకుపోతాడు" అన్న మాటకు ఎస్.ఐ. సారు అదిరిపడ్డడు. "గా భాష నువ్వే నేర్చుకో. నేర్చేదాక నోటుబుక్కు ఇడువకు" అని హుకుం చేసిండు. ప్రభాకర్ రావు సారు దగ్గరికి పోయిన. మొదటినాడు పోలీసు డ్రెస్సు మీదనే బెంచీ ఎక్కించిండు. పద్దెనిమిది రోజులకు వంపు గీత కింది జాగా నా చేతికి చిక్కింది. చెక్‌పోస్టుల సంబురంతో ఎగిరిన.

అన్నా, నీ పదిహేడో లెక్క తప్పు. a, b లను తారుమారు పెట్టినవు, వైశాల్యం మైనస్ వచ్చింది. సున్న కంటే తక్కువ గుడ్డ ఏ సాంచ నేస్తది? ఎర్ర సిరాతో దిద్దిన. నోటుబుక్కు సిరిసిల్ల బస్సు కండక్టరు చేతనే పంపుతున్న. పరీక్ష మంచిగ రాయి.

వచ్చే ఏడు ఇంటర్ రాయబోయే,
హన్మండ్లు

తా.క. నీకు రెండో లెక్కల నోటుబుక్కు కూడ ఉన్నదని ప్రభాకర్ రావు సారు చెప్పిండు. పరీక్ష కాంగనే ఆదివారం బస్సుకు పట్టుకరా, సంచిల పైననే పెట్టు. సోదా నేనే చేస్త. మూడో వస్తువు మరువకు.