అన్ని గడుల్ల టిక్కు పెట్టిన

అక్కకు నీ చెల్లె సరిత దండం పెట్టి రాసేది. నువ్వు, బావ, పిల్లలు అందరు మంచిగున్నరనుకుంటున్న. అమ్మకు మోకాళ్ల నొప్పులు జర తక్కువైనయా? నాకేం గాలె. తింటున్న, పంటున్న, డ్యూటీకి పోతున్న, పరేషాన్ గాకు. ఇదేంది, ఫోనుండంగ ఉత్తరం రాసింది అనుకోకు. నువ్వు స్పీకర్ పెట్టి మాట్లాడ్తవు, అమ్మ పక్కకే ఉంటది. ఈ ముచ్చట ముందు నువ్వొక్కదానివే చదవాలె.

ఇక్కడ వారం దినాల సంది ముసురు. అశోక్‌నగర్‌ల మా హాస్టల్ రూమంత తడిబట్టల వాసన. నారాయణగూడ దవఖాన దాంక నడుసుకుంటనే పోతున్న, చిక్కడపల్లి లైబ్రరీ ముంగట నుంచి. ఆడ మన దిక్కు పిల్లలు వానల గూడ పుస్తకాలు ఒళ్లె పెట్టుకొని కూసుంటరు. మూడేండ్లు నేను గూడ గట్లనే కూసున్న గదా, ఇప్పుడు అటు చూడబుద్ధి గాదు. మెస్సుల చారు నీళ్ల లెక్క ఉంటది. బావ ఇటొస్తె పుంటికూర తొక్కు పంపు, చిన్న డబ్బ చాలు.

శ్రావణిని వాళ్ల నాయిన ఊరికి తోల్కపోయిన సంగతి నీకు ఎరికే. మన పోస్టు బాలయ్య బిడ్డ, ఇన్ని దినాలు నా రూముల నా పక్క మంచమే. "పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతుందట" అని ఊరంత అంటున్నరని నువ్వే చెప్పినవ్. ఊరికి ఎట్ల తెల్సింది అని అడిగినవ్, నేను మాట మార్చిన. ఇప్పుడు చెప్త.

సర్కారు నౌకరీ పరీక్ష బెంగతోటి ఆ పిల్లకు నెలల కొద్ది నిద్ర లేదు. నేను పనిచేసే మనసు డాక్టరమ్మ దగ్గరికి నేనే తోల్కపోయిన. గురువారం గురువారం వచ్చేది. మందులు పడ్డంక తింటుండె, చదువుతుండె, నన్ను ఎక్కిరిస్తుండె గూడ.

మా దవఖానల ఎవరు ఎప్పుడొస్తరో కంప్యూటర్ క్యాలెండర్ల రాసేది నేనే. పేషంట్లల్ల శ్రావణిలు ముగ్గురున్నరు. మన ఊర్ల మనిషిని ఎట్ల గుర్తు చెప్తం? ఫలానోళ్ల బిడ్డ, ఫలానోళ్ల కోడలు అని. నేను గూడ గట్లనే రాసుకున్న, "పోస్టు బాలయ్య బిడ్డ శ్రావణి, నిద్ర గోలీలు" అని. నేను, డాక్టరమ్మ తప్ప ఎవరు చూస్తరు అనుకున్న.

పోయిన నెల డాక్టరమ్మ కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించింది. పేషంట్లు ఫోన్లనే టైం తీసుకోవచ్చు. దానికి మా క్యాలెండర్‌ను కలపాలె. "మన పాస్‌వర్డ్ వాళ్లకు ఇచ్చేది ఉండదమ్మా. అదే పర్మిషన్ అడుగుతది. ఎప్పుడు ఖాళీ ఉందో అంతవరకే చూడనియ్యి, మిగిలింది వద్దను" అన్నది. తన ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పి పేషంట్ దగ్గరికి పోయింది. తెర మీద గడులొచ్చినయ్. ఖాళీ టైములు చూడొచ్చా, లోపల రాసింది చదవొచ్చా, దాన్ని పేషంట్లు చూసే పేజీ మీద చూపియ్యొచ్చా అని. చదవలే అని నీకు అబద్ధం చెప్ప అక్కా. చదివిన. చదివి గూడ అన్నిట్ల టిక్కు పెట్టిన. మూడేండ్లు సర్కారు నౌకరీ దరఖాస్తులు నింపిన చెయ్యి ఇది. ఒక్క గడి ఖాళీ ఇడిస్తె ఫారం వాపస్ వస్తదని భయం. ఖాళీ ఇడువుడు నాకు చేతగాలె.

టైం లేని చోట "ఖాళీ లేదు" అనే రావాలె. ఎవరి కోసం ఖాళీ లేదో, నేను రాసుకున్నది రాసుకున్నట్టు గూడ వచ్చింది. నేను కిందిదాంక చూడకముందే ఆ పేజీ లింకు నీకు పంపిన, "చూడు, నేను చేసిన" అని. నౌకరీ రాకపాయె, ఇదన్న వచ్చు అని నీకు చూపియ్యాలనిపించింది. నువ్వు సంబురపడి ఆ సాయంత్రమే మహిళా సంఘం మీటింగుల అందరి ఫోన్లకు పంపినవ్. ఆ మీటింగుల శ్రావణి మేనత్త ఉంది అక్కా.

నీ మీద నేరం పెడ్తలేను. నువ్వు చెల్లె చేసిన పని అని చూసినవ్, అంతే. తెల్లారి ఫస్ట్ బస్సుకు బాలయ్య దిగిండు. ఫోన్ల ఆ పేజీ చూపించి, బిడ్డ ఫోన్ గుంజుకున్నడు, గోలీలు మోరీల పారేసిండు. బ్యాగు సదురుకుంట శ్రావణి నన్నడిగింది, "ఎవరు రాసిన్రక్కా గిది?" నేను "సాఫ్ట్‌వేర్ తప్పు" అన్న. నా నోట్లెకెల్లి గట్ల వచ్చేసింది.

డాక్టరమ్మకు మాత్రం పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె అప్పుడే పర్మిషన్ తీసేసింది. పేజీల పేర్లున్న ఒక్కొక్కరికి తనే ఫోన్ చేసి తప్పైంది అని చెప్పింది. శ్రావణి ఫోన్ ఒక్కటే కలవలే. నన్ను కొలువుల నుంచి తియ్యలే. "మనల్ని నమ్మి వస్తరమ్మా" అన్నది, అంతే. రెండు దెబ్బలు కొట్టినా బాగుండె. ఆ గోలీలు ఒక్కసారె ఆపితె మంచిది గాదు, పిల్లను మల్ల తీసుకరమ్మను అని గూడ చెప్పింది.

ఆ పిల్ల పరీక్షకు ఇంక నెల గూడ లేదు. నువ్వు బాలయ్య ఇంటికి పోవాలె అక్కా. ఈ కవర్ల ఇంకో కాగితం పెట్టిన. శ్రావణిది పిచ్చి గాదు, నిద్ర లేకనే డాక్టర్ దగ్గరికి పోయింది, తోల్కపోయింది నేను, ఆ పేరు రాసి బయట పెట్టింది నేను అని రాసిన. బాలయ్యకు, శ్రావణికి ఇద్దరికి చదివి వినిపియ్యి. తిట్టనియ్యి, నేను పడ్త. నన్ను రమ్మంటె వస్త.

మొన్న పక్కింటోళ్ల ఫోన్ల నుంచి చేసింది శ్రావణి. నిద్ర మల్ల పోయిందట. "ఊరంత ఊరు నా మీద పడ్డది. నువ్వొక్కదానివే నా ముచ్చట కడుపుల దాసుకున్నవక్కా" అన్నది. నేను ఊ అన్న.

అమ్మకు, బావకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించుమని అడిగే మొఖం నాకు లేదు. ముందు ఆ కాగితం తీస్కొని పో.

నీ చెల్లె,
సరిత